నెలసరి మాట దాచవద్దు



అండం విడుదలైన చోట ప్రతి నెలా కొత్త రక్తనాళాలు అల్లుకుంటాయి. అల్లించేది వి.ఇ.జి.ఎఫ్. అనే ప్రొటీను. 1989లో దానికా పేరు వచ్చింది. మామూలుగా గర్భం నిలవకపోతే అది తగ్గిపోతుంది. మనం నీటిబుడగలు అనుకునే పి.సి.ఓ.ఎస్.లో ఎక్కువగా ఉంటుందని చాలా పరిశోధనల్లో తేలింది.

అందుకే పిల్లల కోసం ఇంజెక్షన్లు తీసుకునేటప్పుడు వీళ్లకు జాగ్రత్త ఎక్కువ కావాలి. నాళాల నుంచి నీరు ఊరి పొట్ట ఉబ్బవచ్చు, ఆయాసం రావచ్చు. అలాగైతే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

సోలాపూర్‌లో ఉన్నా, సేలంలో ఉన్నా, సంబంధాలు చెడతాయని మనం ఈ మాట దాస్తున్నాం. ఇకపై కోడలిని గొడ్రాలు అనడం మానేద్దాం. పరీక్షలకు తోడు వెళదాం.