బోరు అను మాట

బోరు అనగానే మన తెలుగువారికి ముందుగా స్మృతికి వచ్చునది పొలములోని గొట్టపుబావి. ఆ పిమ్మట విసుగు పుట్టించు ఉపన్యాసము. ఈ యర్థమును మావంటి రేడియో ప్రసంగకులు మరచుట క్షేమము కాదు. తుపాకి విషయమున బోరు అనగా గొట్టము లోపలి రంధ్రము. ఆంగ్లమున ఆ మాటకు తొలుచుట అని మూలార్థము.

అయితే "12 బోరు" అన్నప్పుడు ఆ 12 అంగుళములు కావు, మిల్లీమీటర్లును కావు. ఒక పౌను, అనగా సుమారు 454 గ్రాముల సీసమును 12 సమానమైన గుండ్లుగా పోసినచో, అందొక గుండు సరిగా పట్టునంతటి గొట్టమని భావము. దాని వ్యాసము సుమారు 18.5 మిల్లీమీటర్లు. అదే సీసమును 20 గుండ్లుగా పోసినచో గుండు చిన్నదగును. కనుక 20 బోరు గొట్టము 15.6 మిల్లీమీటర్లే. మేమును చాలకాలము అంకె పెద్దదైన తుపాకియు పెద్దదే యనుకొంటిమి. పౌనుకు ఎన్ని చిలపలో లెక్కించి నూలు నంబరు చెప్పు నేతగాండ్రకు ఈ తలక్రిందుల లెక్క వింత కాదు. 410 అను చిన్న తుపాకికి మాత్రము ఈ సూత్రము చెల్లదు. అది అంగుళములో వేయింట 410 వంతులు.

తుపాకి యున్న యింట ఈ లెక్క తెలియకున్న ప్రాణహాని కలదు. 20 బోరు తూటాను 12 బోరు తుపాకిలో పెట్టినచో అది ముందుకు జారి గొట్టములో చిక్కుకొనును. తుపాకి ఖాళీగా నున్నదని భ్రమించి, వెనుక 12 బోరు తూటా నుంచి కాల్చినచో గొట్టము చేతిలోనే పగులును. అందుచేతనే 20 బోరు తూటాలకు పసుపురంగు వేయుట వాడుకయైనది.