గూడు లేనివారి బలం
(స్మారకోపన్యాసం)

ఈ ఉపన్యాసం ఎవరి పేరిట జరుగుతోందో ఆ మేడమ్ మమ్మల్ని అర్ధరాత్రి ఫుట్‌పాత్‌ల వెంట తిప్పి పాఠం చెప్పిన మనిషి. అందుకే సిద్ధాంతానికి ముందు షెల్టర్ రిజిస్టర్ సంగతి ఎత్తుతాను.

రాత్రివేళ షెల్టర్‌కు వచ్చినవారి గురించి మనం రాసుకునేవి ఎక్కువగా లేనివే. ఇల్లు లేదు, ఆధార్ లేదు, అయినవాళ్లు లేరు. ఆపైన తాగుడు, జబ్బు. ఎండకూ వానకూ లాఠీకీ తట్టుకుని ఇన్నాళ్లూ ఎలా బతికారో అడగం.

1980ల మొదట్లో అమెరికాలోని కాన్సస్ విశ్వవిద్యాలయంలో చార్లెస్ రాప్, రోనా చాంబర్లేన్ అదే అడగసాగారు. తీవ్ర మానసిక వ్యాధులున్నవారికి ఏం వచ్చు, ఏం కావాలి, ఎవరు తోడున్నారు అని కనుక్కున్నారు. ఏం సాధించాలో ఆ మనిషే చెప్పాలి, కార్యకర్త ఆ మనిషి ఉన్నచోటికే వెళ్లాలి అన్నది వారి పద్ధతి. డెనిస్ సాలీబీ 1992లో సంపాదకుడిగా తెచ్చిన పుస్తకంతో, మనిషి బలాలను ముందు చూసే ఈ దృక్పథం విస్తృతంగా తెలిసింది.

మన దగ్గర దీని అవసరం ఇంకా ఎక్కువ. 2011 జనగణన ప్రకారం దేశంలో ఇల్లు లేనివారు 17.7 లక్షల మంది. వారిలో చాలామంది కష్టం చేసుకునేవాళ్లే. మూటలు మోస్తారు, పెళ్లిళ్లలో వడ్డిస్తారు, చిత్తుకాగితాలు ఏరుతారు, తెల్లారేసరికి లేబర్ అడ్డాలో నిలబడతారు. అప్పు పెట్టే టీకొట్టు, పనికి పిలిచే మేస్త్రీ, సంచీ కనిపెట్టి ఉండే పక్కవాళ్లు - ఏళ్ల తరబడి కూడబెట్టుకున్న ఆస్తి ఇదే. షెల్టర్‌ను ఊరి చివర కడితే ఈ ఆస్తంతా ఒక్కసారిగా పోతుంది. మంచాలు ఖాళీగా ఉంటే మాత్రం 'వాళ్లకి రోడ్డే ఇష్టం' అంటాం. ఆ మాట ఎప్పుడు విన్నా నాకు కోపం వస్తుంది. లక్ష జనాభాకు ఒక షెల్టర్ చొప్పున ఏడాది పొడవునా నడపాలని సుప్రీంకోర్టు 2010లోనే ఆదేశించింది. స్టేషన్లకూ మార్కెట్లకూ దగ్గరగా కట్టాలని 2013లో మొదలైన జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్ మార్గదర్శకాలు చెప్పాయి.

మనిషికి ఏం కావాలో చూసి పనిచేసినవారూ ఉన్నారు. చెన్నైలో 1993లో మొదలైన బాన్యన్ సంస్థ మానసిక వ్యాధితో వీధిన పడ్డ స్త్రీల కోసం పనిచేస్తోంది. ఏళ్లుగా సంస్థలోనే ఉండిపోయినవారిని 2015 నుంచి నలుగురైదుగురు చొప్పున మామూలు వీధుల్లోని ఇళ్లకు చేర్చింది. పక్కన సహాయకురాలు ఉంటుంది. ఇల్లు మాత్రం వాళ్లదే.

ఇక్కడ ఒక హెచ్చరిక తప్పదు. 'నీకు బలముంది కదా, నీ తిప్పలు నువ్వే పడు' అని చేతులు దులుపుకోవడానికి ఈ పద్ధతిని వాడితే అది మోసం. ముందు ఇల్లు ఇవ్వాల్సింది మనమే. న్యూయార్క్‌లో శామ్ సెంబెరిస్ 1992లో, తాగుడు మానమని షరతు పెట్టకుండా, ముందు ఇల్లు ఇచ్చాకే మిగతా సాయం మొదలుపెట్టారు. వరస అదే కావాలి.

కొత్తగా ఈ పనిలోకి వస్తున్న విద్యార్థులారా, మొదటి రాత్రి రిజిస్టర్ తెరవకండి. తెల్లవారుజామున, షెల్టర్‌కు వచ్చిన మనిషితో అడ్డాదాకా నడవండి. అక్కడ ఎవరెవరు పేరుపెట్టి పిలుస్తారో చూసి, వాళ్ల పేర్లు ముందు రాసుకోండి.