నీరు ఇంధనమగునా?
(తల్లిదండ్రుల సభలో ప్రధానోపాధ్యాయుని ప్రసంగపాఠము)



కొలది మాసముల క్రిందట మన బడి విద్యార్థి తండ్రి యొకరు నాయొద్దకు వచ్చి, "సారూ, నీళ్లతో నడిచే బండి వస్తుందంట. దుడ్డు పెట్టమంటా ఉండారు. పెట్టేదా, వద్దా?" అని యడిగిరి. ఇంటిస్థలమునకై దాచిన సొమ్మది. బూడిదరంగు పొడిపై నీరు పోసి, వెలువడిన వాయువును మండించి ఆయనకు చూపిరట. ఆయన కన్నులు ఆయనను మోసగింపలేదు. అందుచేతనే ఈ విషయమును మీ యెదుట విప్పి చెప్పదలచితిని.

సున్నములో కాల్షియమను లోహము కలదు. ఆ లోహమును వేడిచేసి హైడ్రొజన్, అనగా ఉదజని వాయువుతో కలిపినచో కాల్షియం హైడ్రైడు ఏర్పడును. దానిపై నీరు పడగానే బుసబుస పొంగి ఉదజని వెలువడును. మిగులునది మనము గోడలకు వేయు తడిసున్నమే. కాల్చిన సున్నపురాళ్లపై నీరు పోసినపుడు కుతకుత ఉడుకుట మీరెరుగుదురు. ఇచటను అట్టి వేడిమియే పుట్టును. ఉదజనిలో సగము పొడినుండి, సగము నీటినుండి వచ్చును. కిలో పొడికి వేయి లీటర్లకు పైబడిన వాయువు లభించును. బరువైన ఇనుప సిలిండర్లు మోయు పనిలేక బెలూన్లు నింపుటకు పూర్వము దీనిని వాడిరి.

మరి బండిమాట? ఉదజని కారు 1 కిలో వాయువుతో సుమారు 100 కిలోమీటర్లు పోవును. మన హోసూరునుండి కృష్ణగిరికి పోయి వచ్చు దూరమన్నమాట. దానికి 10.5 కిలోల పొడి, 9 కిలోల నీరు కావలెను. ఇల్లు చేరునప్పటికి బండిలో 18.5 కిలోల సున్నము మిగులును! ఆ సున్నమునుండి లోహమును మరల రాబట్టుటకు వెచ్చింపవలసిన శక్తి, వచ్చిన ఉదజనిలోని శక్తిని మించును. నీరనునది ఉదజని మండగా మిగిలినదే. పొయ్యిలోని బూడిద వంటిది. శక్తి యంతయు పొడిలోనిదే.

2008లో జపానునందును నీటి కారొకటి ప్రదర్శింపబడినది. ఇట్టి హైడ్రైడేదో లోన నుండునని రసాయనజ్ఞులు అనుమానించిరి. 1996లో మన రాష్ట్రముననే మూలికా పెట్రోలు వార్త దేశమంతట ప్రాకుట పెద్దలకు జ్ఞాపకముండును. ఉదజని బండి మాత్రము కల్ల కాదు. మన ఊర కర్మాగారములు గల అశోక్ లేలాండ్, రిలయన్సుతో కలసి 2023 ఫిబ్రవరిలో బెంగళూరున ఉదజని ఇంజను లారీని చూపినది. దానికి వాయువును వేరొకచోట తయారుచేసి నింపవలెను.

"పొడి కిలో యెంత? సున్నమును ఎవరు తీసికొందురు?" అని యడుగుడని ఆ తండ్రికి చెప్పితిని. అడిగిరి. వచ్చినవారు మరల రాలేదు.

ఒక్కమాట. అట్టి పొడిని ఇంటికి తేనీయకుడు. నిప్పంటుకొన్నచో నీరు పోయరాదు. పొడి యిసుక చల్లవలెను.