కత్తెర ఎవరి చేతిలో?

జీవితమంతా రంగస్థలానికే ఇచ్చిన ఒక మనిషిని తలుచుకోవడానికి చేరిన సభ ఇది. అందుకే వేదికకూ కుర్చీలకూ మధ్య ఉండే ఆ నాలుగడుగుల దూరం చెరిపేస్తే ఏమవుతుందో చెప్పే చరిత్ర ఇక్కడ వినదగినది.

1964 జులైలో జపాన్‌లోని క్యోటో నగరంలో కళాకారిణి యోకో ఓనో వేదిక మీద మోకాళ్ళు మడిచి కూర్చుంది. అప్పట్లో చేతిలో పెద్దగా డబ్బు లేదు. అయినా ఉన్నవాటిలో మంచి బట్టలే వేసుకుంది. ముందు ఒక కత్తెర. ప్రేక్షకులు ఒక్కొక్కరే వేదిక ఎక్కి, ఆమె బట్టల్లోంచి ఒక ముక్క కత్తిరించి పట్టుకుపోవచ్చు. ఆమె కదలదు, మాట్లాడదు. ‘కట్ పీస్’ అంటే ఇంతే. ఆ క్యోటో ప్రదర్శనలోనే ఒకడు కత్తెర పైకెత్తి పొడవబోయేవాడిలా నిలబడ్డాడని ఆమె తర్వాత చెప్పింది.

మరుసటి ఏడాది మార్చిలో న్యూయార్క్‌లోని కార్నెగీ రిసైటల్ హాల్‌లో జరిగిన ప్రదర్శనను డాక్యుమెంటరీ దర్శకులు మేజెల్స్ సోదరులు ఫిల్ములోకి ఎక్కించారు. అది తప్పకుండా చూడదగ్గది. మొదట వచ్చినవాళ్ళు మర్యాదగా ఏ అంచు దగ్గరో కాస్త కత్తిరించి దిగిపోతారు. తర్వాత ఒక యువకుడు వచ్చి, తీరిగ్గా, లోపలి వస్త్రం దాకా కోసుకుంటూ పోతాడు. బ్రా పట్టీలు తెగేసరికి ఆమె చేతులు రెండూ గుండెల మీదికి వస్తాయి. అంతసేపూ నిలకడగా ఉన్న చూపు చెదురుతుంది. హాల్లోంచి అతన్ని ఎత్తిపొడిచే మాటలు వినిపిస్తాయి. లేచి చెయ్యి పట్టుకుని ఆపినవాళ్ళు మాత్రం లేరు.

1968లో ఆస్ట్రియా కళాకారిణి వాలీ ఎక్స్‌పోర్ట్ ఇదే వ్యవహారాన్ని తిరగేసింది. ఛాతీకి బుల్లి సినిమా హాలులా తెర కట్టిన పెట్టె తగిలించుకుని వీధిలో నిలబడి, తెరలోంచి చేతులు పెట్టి తాకవచ్చని దారినపోయేవాళ్ళను పిలిచింది. సినిమా హాలు చీకట్లో ఎవరికీ కనపడకుండా ఆడదాని ఒంటిని చూసే మగవాడు, ఇక్కడ పట్టపగలు, నలుగురి మధ్య, ఆమె కళ్ళలోకి చూస్తూ నిలబడాలి. ఇబ్బంది అతని వంతయింది.

ఈ చరిత్రలో అందరూ చెప్పుకునేది 1974. అయితే ఆ ఏడాది జరిగిన రెండు ఘటనల్లో ఒకదాన్నే చెప్పుకుంటారు. అదే తప్పు.

మొదటిది బెల్‌గ్రేడ్‌లో. ప్రదర్శన కళాకారిణి మెరీనా అబ్రమోవిచ్ పెట్రోలుతో తడిపిన పెద్ద నక్షత్రానికి నిప్పంటించి దాని నడుమ పడుకుంది. మంటలకు ఆక్సిజన్ అందక స్పృహ తప్పింది. నిప్పు కాలికి తగులుతున్నా ఆమె కదలకపోవడం చూసి ప్రేక్షకుల్లో కొందరు లోపలికి వెళ్ళి బయటికి లాక్కొచ్చారు. వాళ్ళను ఎవరూ పిలవలేదు.

రెండోదీ ఆమెదే, ఇటలీలోని నేపుల్స్‌లో, స్టూడియో మోర్రాలో. బల్ల మీద 72 వస్తువులు: గులాబీ, ఈక, తేనె, ద్రాక్ష, కత్తెర, మేకులు, పిస్తోలు, ఒక తూటా. వాటితో పాటు రాతపూర్వకంగా ఒక సూచన. ఆరు గంటల పాటు వీటిలో దేన్నయినా తన మీద ఇష్టమొచ్చినట్టు వాడవచ్చని, తాను ఒక వస్తువునని, బాధ్యత పూర్తిగా తనదేనని. తొలి గంటల్లో పువ్వు చేతిలో పెట్టారు, చెయ్యి పైకెత్తి చూశారు. రాత్రి ముదిరేకొద్దీ బట్టలు కోశారు. మెడ దగ్గర చర్మం కోసి నెత్తురు చప్పరించారు. చివరికి తూటా వేసిన పిస్తోలును ఆమె చేతిలోనే పెట్టి ఆమెకే గురిపెట్టారు. గడువు ముగిసి ఆమె మామూలు మనిషిలా నడుచుకుంటూ ఎదురొచ్చేసరికి, అంతసేపూ ఆడుకున్నవాళ్ళు మొహం చూడలేక పారిపోయారు.

మనిషిలో మృగం దాగుంటుందని చెప్పడానికి ఈ కథను వాడుకుంటారు. అది తొందరపాటు తీర్పు. బెల్‌గ్రేడ్‌లో మంటల్లోకి వెళ్ళినవాళ్ళూ ప్రేక్షకులే. నేపుల్స్ గదిలోనూ ఆమె కన్నీళ్ళు తుడిచినవాళ్ళున్నారు, పిస్తోలు విషయంలో అడ్డుపడి పోట్లాడినవాళ్ళున్నారు. ఎవరి పనికి వాళ్ళు జవాబు చెప్పుకోనక్కర్లేదని ముందే రాసిచ్చేసిన ఆ సూచనను పక్కనపెట్టి నేపుల్స్ గురించి మాట్లాడటం అన్యాయం. ఆ రాత ఆమెదే. ఒంటిని అప్పగించింది ఆమె, షరతులు రాసిందీ ఆమే. 2003లో పారిస్‌లో డెబ్బై ఏళ్ళ వయసులో ఓనో మళ్ళీ ‘కట్ పీస్’కి కూర్చున్నప్పుడు షరతులు రాసే ఈ హక్కునే వాడుకుంది: ముక్క పోస్టుకార్డుకు మించకూడదు, దాన్ని ప్రేమించేవాళ్ళకు పంపాలి.

ఆ హక్కు లేనివాళ్ళు తర్వాత వచ్చారు. 1977లో ఇటలీలోని బొలోన్యాలో అబ్రమోవిచ్, ఆమె సహచర కళాకారుడు ఉలాయ్ తమ సొంత కృతి కోసం ఇరుకు గుమ్మానికి చెరోవైపు నగ్నంగా నిలబడి, వచ్చేవాళ్ళను తమ మధ్య నుంచి వెళ్ళనిచ్చారు. గంటన్నరకు పోలీసులు ఆపించారు. 2010లో న్యూయార్క్ మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్‌లో అలాంటి గుమ్మంలోనే జీతానికి కుదిరిన యువ ప్రదర్శకులు వంతులవారీగా నిలబడ్డారు. సందర్శకుల్లో కొందరు హద్దు మీరి తాకారు. అలాంటివాళ్ళను మ్యూజియం సిబ్బంది బయటికి పంపించాల్సి వచ్చింది. ఇక్కడ కృతి పేరు ఒకరిది, తాకిడి ఇంకొకరిది.

2011లో లాస్ ఏంజెలిస్‌లోని సమకాలీన కళా మ్యూజియం విరాళాల విందుకు అబ్రమోవిచ్ ఒక ప్రదర్శన రూపొందించింది. భోజనాల బల్లల మధ్య రంధ్రాల్లోంచి తలలు పైకి పెట్టి, మెల్లగా తిరుగుతూ, ఖరీదైన టికెట్లు కొన్న అతిథులను ప్రదర్శకులు గంటల తరబడి చూస్తూ ఉండాలి. ప్రతిఫలం 150 డాలర్లు. నర్తకి ఈవాన్ రైనర్ దీన్ని నిరసిస్తూ మ్యూజియం డైరెక్టరుకు లేఖ రాసింది. ఆడిషన్‌కు వెళ్ళి ఆ పని వద్దనుకున్న మరో నర్తకి, ప్రదర్శకులకు న్యాయమైన వేతనం, పనిచోట రక్షణ ఉండాలంటూ బహిరంగ లేఖ రాసింది.