ఉమ్మడి కొట్టులో ఎవరి వాటా యెంత



తుపాను కబురు విన్నంతనే చిట్టమూరు వంటి తీరప్రాంత గ్రామములలో దస్తావేజుల పెట్టె అటకనెక్కును. నీరు చేరని పెట్టె నొకదానిని 2015లో కేంద్ర ప్రభుత్వము పౌరులకు కల్పించినది. దాని పేరు డిజిలాకరు. కోట్లాది జనుల పత్రములకు అది ఉమ్మడి కొట్టు. ఉమ్మడి యన్నచో కొలత తప్పదు. ఒకడు పెండ్లి పటములన్నియు తెచ్చి నింపినచో తక్కినవారికి తావెక్కడిది? కావున తలకొక గిగాబైటు వాటా. ఏ పత్రమును పది మెగాబైట్లకు మించరాదు. క్రొత్త కాగిత మెక్కించినపుడు వాటా తరుగును, తీసివేసినపుడు మరల జమపడును.

ఈ లెక్కలో నొక విశేషము గలదు. వాటాను తినునవి పౌరుడు తన చేతితో నెక్కించిన నకళ్లు మాత్రమే. ఆధారు, డ్రైవింగు లైసెన్సు వంటివి జారీచేసిన కచేరీ కొట్టులోనే యుండును, లాకరులో నిలుచునది వాని చిరునామా. పుస్తకము బీరువాలో నుండగా దాని సంఖ్య గ్రంథాలయపు పట్టికలో నుండుట వంటిది. అందుచే నవి వాటాలో లెక్కకు రావు. విచిత్రమేమనగా, 2017 ఫిబ్రవరిలో వెలువడిన నిబంధన అసలు కాగితముతో సమానమని చెప్పినది వీనినే! చోటు తినెడి నకలుకు ఆ హోదా లేదు.

పొలము దస్తావేజును ఫొటో తీసి యెక్కించి, ఇక కాగితమెందుకని పారవేయువాడు ఈ భేదము నెరుగనివాడు. వానికి వాటాలో చోటు తరిగినది, చేతిలో అసలును లేకపోయినది.