చక్కెర జబ్బు ఉన్నవారికి గర్భసంచి ఆపరేషన్ – నా అనుభవం
(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17న 1982 నాటి నకారా తీర్పును తలుచుకోవడం, డి.ఎ. బకాయిల మీద తీర్మానాలు చేయడం మన సభల ఆనవాయితీ. ఈసారి ఆడవారి ఆరోగ్యం గురించి పది నిమిషాలు మాట్లాడమని కార్యదర్శిగారు కోరారు. మగవారు టీ కోసం లేచి వెళ్ళనక్కరలేదు. ఇంట్లో ఆసుపత్రికి ఎప్పుడు పోవాలో నిర్ణయించేదీ, కాగితం మీద సంతకం పెట్టేదీ చాలావరకు మీరే కనుక ముందు మీరే వినాలి.

నేను ఆరోగ్య శాఖలో ఎ.ఎన్.ఎం.గా చేరి సూపర్‌వైజరుగా రిటైరయ్యాను. సర్వీసంతా అప్పటి ఖమ్మం జిల్లాలోని దుమ్ముగూడెం, చర్ల, వెంకటాపురం అడవి గ్రామాల్లోనే గడిచింది. అక్కడా, ఇటు మిరప తోటల ఊళ్ళలోనూ ఒక విచిత్రం చూశాను. ముప్ఫై ఏళ్ళ కూలి మనిషికి తెల్లబట్ట అయినా, నడుం నొప్పి అయినా గర్భసంచి తీయించేస్తారు. ముట్లుడిగి పదేళ్ళయిన పెద్దావిడకు మళ్ళీ ఎర్రబట్ట కనిపిస్తే మాత్రం ఎవరికీ చెప్పదు. అవసరం లేనిచోట కత్తి, ఉన్నచోట మౌనం. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద నూటికి సుమారు 3 మంది అయితే, తెలంగాణలో సుమారు 8 మంది, ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 9 మంది. అనవసరపు ఆపరేషన్లను అరికట్టాలని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కూడా రాష్ట్రాలను ఆదేశించింది. ఆ సంగతి అలా ఉంచి, నేను చెప్పదలచింది రెండో రకం వారి గురించి, అందులోనూ షుగరు ఉన్నవారి గురించి.

నాకు పద్నాలుగేళ్ళుగా షుగరు. యాభై ఒకటో ఏట ముట్లు ఆగిపోయాయి. అరవై మూడో ఏట ఒకరోజు చీరకు మరక కనిపించింది. చిన్న మరకే, నొప్పి లేదు. మా వదిన మాత్రం, “షుగరున్నదానివి, కత్తి పెడితే పుండు మానుతుందా? నెల రోజులు చూద్దాం” అంది. నేను చూడదలచుకోలేదు. ముట్లు ఆగి ఏడాది దాటాక చుక్క కనిపించినా పరీక్ష చేయించాల్సిందే. ఇలా కనిపించినవారిలో నూటికి తొంభై మందికి కాన్సరు ఉండదు. మిగతా పదిమంది ఎవరన్నది పరీక్ష చేస్తేనే తెలుస్తుంది. పైగా చక్కెర జబ్బు, లావు ఉన్నవారికి గర్భసంచి లోపలి పొర మందమై కాన్సరుగా మారే అవకాశం ఎక్కువ.

స్కానింగులో నా పొర మందం 11 మిల్లీమీటర్లు వచ్చింది. ముట్లుడిగి రక్తస్రావమైనవారికి 4 దాటితే ముక్క తీసి పరీక్షించాలి. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బిఎవన్‌సి పరీక్షలో 9.2 వచ్చింది. ఆపరేషన్‌కు అది 8 లోపు ఉంటే మంచిదంటారు. ఇక్కడే చాలామంది ఆగిపోతారు. మాకు తెలిసిన ఒక పెన్షనరు భార్యను “షుగరు తగ్గాక రండి” అని పంపేశారు. ఎన్నాళ్ళలో తగ్గాలో, ఎలా తగ్గించాలో ఎవరూ చెప్పలేదు. ఎనిమిది నెలలు ఎర్రబట్ట అవుతూనే ఉంది. హైదరాబాదు తీసుకెళ్ళేసరికి జబ్బు గర్భసంచి దాటింది. ఆమె ఇప్పుడు లేరు.

నన్ను చూసిన లేడీ డాక్టరు వేరే మాట చెప్పింది. జారిన గర్భసంచికి చేసే ఆపరేషన్ లాంటిదయితే మూడు నెలలు ఆగి సగటు తగ్గించుకోవచ్చు. కాన్సరు అనుమానం ఉన్నప్పుడు సగటు కోసం ఎదురుచూడకూడదు, ఇన్సులిన్‌తో కొద్ది రోజుల్లోనే రక్తంలో చక్కెరను అదుపులోకి తెచ్చి పని కానివ్వాలి. అలాగే డి అండ్ సి చేసి ముక్క పంపారు. కణాలు కాన్సరు కాలేదు గాని ఆ దారి పట్టాయని రిపోర్టు వచ్చింది. మూడు వారాల్లో గర్భసంచి, అండాశయాలు తీసేశారు.

ఆపరేషన్ ఖమ్మంలో. భద్రాచలం నుండి సుమారు 120 కిలోమీటర్లు. పరగడుపున బస్సు ప్రయాణం వద్దని ముందురోజే వెళ్ళి చేరాము. షుగరువారు ఖాళీ కడుపుతో దారిలో ఉంటే చక్కెర 70 కంటే పడిపోయి చెమటలు, వణుకు వస్తాయి. అప్పుడు మూడు చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి తాగాలి. జాబితాలో ఉదయం మొదటి పేరు నాదే పెట్టమని అడిగాను. ఇందులో మొహమాటపడవద్దు, ఎక్కువసేపు పస్తుంటే షుగరువారికే ఇబ్బంది.

మాత్రల పేర్లు చెప్పడం కాదు, అట్టలన్నీ సంచిలో వేసుకుని మత్తు డాక్టరుకు చూపండి. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ అని పేరు చివర ‘గ్లిఫ్లోజిన్’ ఉన్న మాత్రలు మూడు రోజుల ముందే ఆపిస్తారు. అవి వాడుతూ పస్తుంటే, చక్కెర మామూలుగా కనిపిస్తున్నా రక్తంలో ఆమ్లం పెరిగి ప్రాణం మీదికి రావచ్చు. ఆడవారికి మర్మస్థానంలో దురద పుట్టించేవి కూడా ఈ మాత్రలే, అది సిగ్గుపడి దాచే విషయం కాదు. మెట్‌ఫార్మిన్ ఆపరేషన్ రోజున వేసుకోనివ్వలేదు. ఇన్సులిన్ వాడేవారు తమంతట తాము పూర్తిగా మానకూడదు, మోతాదు ఎంత తగ్గించాలో డాక్టరే చెప్పాలి.

ఆపరేషన్ అయ్యాక ఏమీ తినకపోయినా చక్కెర పెరిగింది. శరీరానికి తగిలిన దెబ్బకు అలా పెరుగుతుందట. 100–180 మధ్య ఉండేలా సూది వేస్తూ వచ్చారు. ఒకసారి మొదలుపెడితే ఇన్సులిన్ వదలదని మా వార్డులో అందరూ భయపెట్టారు. ఆరు వారాల తర్వాత నేను మళ్ళీ మాత్రలకే వచ్చాను. ఇంట్లో ఫ్రిజ్ చెడిపోయిన వారం, తడి ఇసుకలో మట్టి కుండ పెట్టి అందులో సీసా ఉంచాము. అడవి ఊళ్ళలో మేము ఎప్పుడూ చేసిన పనే.

కుట్లు మానాయి, పుండు పడలేదు. కుట్ల దగ్గర ఎరుపు, చీము, జ్వరం, దుర్వాసన ఉంటే మాత్రం ఆ రోజే వెళ్ళాలి. పలకరింపుకు వచ్చినవారు తెచ్చిన హార్లిక్సు సీసాలు, బత్తాయిలతో చిన్న కొట్టు పెట్టవచ్చు. షుగరు మనిషిని చూడటానికి వచ్చేవారు దయచేసి వట్టి చేతులతో రండి.

రీయింబర్స్‌మెంటుకు అసలు బిల్లులు ఇచ్చేముందు బయాప్సీ రిపోర్టు, డిశ్చార్జి కాగితం జిరాక్సు తీసి దాచండి, తర్వాత చూసే ప్రతి డాక్టరూ అవే అడుగుతారు. నేను వచ్చే నెల మళ్ళీ చూపించుకోవాలి.

మైకులో అడగలేని ప్రశ్నలున్న అక్కచెల్లెళ్ళ కోసం భోజనాల తర్వాత వెనుక వరండాలో కూర్చుంటాను.