కోరంగి రేవు నుంచి మారిషస్ దీవికి



మణుగూరు బస్టాండులో కాసేపు నిలబడితే ఎన్ని మాటలు వినిపిస్తాయి? కోయ మాట, లంబాడీ మాట, తెలుగు, ఉర్దూ, హిందీ. బొగ్గు గనుల పనికి ఎక్కడెక్కడివారో వచ్చారు. వారి వెంట వారి భాషలూ వచ్చాయి. సముద్రం అవతల ఒక దేశం దేశమే ఇలా ఉంది. దాని పేరు మారిషస్.

మారిషస్ ఒక చిన్న దీవి. ఆఫ్రికాకు తూర్పున, హిందూ మహాసముద్రంలో ఉంది. జనాభా పన్నెండున్నర లక్షల దాకా ఉంటుంది.

మనవారు మొదటిసారి అక్కడ దిగితే తికమక పడతారు. బోర్డులు ఇంగ్లీషులో, ఫ్రెంచిలో ఉంటాయి. బజారులో జనం మాట్లాడేది క్రియోల్ భాష. ఒక్క ముక్క అర్థం కాదు. కానీ కూరగాయలు అమ్మే ఆమె ముఖం చూస్తే మన పక్క ఊరి మనిషిలా ఉంటుంది! అక్కడి డబ్బును కూడా రూపాయి అనే అంటారు. నోటు మీద ఇంగ్లీషుతో పాటు తమిళం, హిందీ అక్షరాలు ఉంటాయి. రోడ్డు పక్క బండి మీద పప్పు కూరిన రొట్టెలు అమ్ముతారు. ఏ మతం వారైనా ఆ బండి దగ్గరే నిలబడి తింటారు.

శివరాత్రి, రంజాన్, క్రిస్మస్, చైనావారి కొత్త సంవత్సరం, అన్నిటికీ అక్కడ సర్కారు సెలవే. మన ఉగాదికి కూడా సెలవు!

ఉగాది అంత దూరం ఎట్లా పోయింది?

గోదావరి మణుగూరు పక్కగా పారి, భద్రాచలం దాటి, సముద్రంలో కలుస్తుంది. ఆ కలిసే చోట కోరంగి రేవు ఉండేది. అక్కడ ఓడ ఎక్కి పోయిన తెలుగువారిని మారిషస్‌లో కోరంగివాళ్లు అన్నారు.

ఆ దీవిలో బానిసత్వం 1835లో రద్దయింది. చెరకు తోటలకు కూలీలు కావాలి. తోటల యజమానులు మన దేశం నుంచి మనుషులను రప్పించుకున్నారు. 1834 నవంబరు 2న మొదటగా దిగిన 36 మంది కొండ ప్రాంతపు ఆదివాసులు. తరువాత దాదాపు నాలుగున్నర లక్షల మంది వచ్చారు. ఓడ దిగి వారు ఎక్కిన 16 రాతి మెట్లు నేటికీ ఉన్నాయి.

ఒప్పందం అయిదేళ్లు. జీతం నెలకు అయిదు రూపాయలు. ఒకరోజు పనికి రాకుంటే రెండు రోజుల కూలి కోసేవారు. ఒప్పంద కాగితంలో ఏముందో చాలామందికి తెలియదు. చదువు రాదు కదా! పేరు కూడా గుమస్తా తన చెవికి విన్నట్టు రాసుకున్నాడు. తండ్రి పేరే ఇంటిపేరైపోయింది. తప్పు రాశావు బాబూ అని చెప్పడానికి అక్షరం రాదు.

1901లో గాంధీగారు ఆ దీవిలో కొద్ది రోజులు ఆగారు. మీ పిల్లలను చదివించండి అని అక్కడి భారతీయులకు చెప్పారు. చెరకు కోసే చేతులు పిల్లలకు పలకలు ఇచ్చాయి. 1968లో దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది. కూలికి వచ్చిన ఒక మనిషి కొడుకు, శివసాగర్ రాంగులాం, మొదటి ప్రధానమంత్రి అయ్యాడు.

తెలుగువారు ఇంట్లో ఎక్కువగా క్రియోల్ మాట్లాడతారు. అయినా బడిలో పిల్లలు తెలుగు నేర్చుకుంటారు. దీపస్తంభం చుట్టూ తిరుగుతూ రాత్రంతా రామభజన చేస్తారు. 1990లో మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు అక్కడే జరిగాయి.

ఈనాడు కూడా మన ఊళ్ల నుంచి గల్ఫ్ దేశాలకు కూలికి పోతున్నారు. ఏజెంటు కాగితం చాపి, ఇక్కడ సంతకం పెట్టు అంటాడు. తొందరపడవద్దు. జీతం ఎంత? పని ఏమిటి? ఎన్నేళ్లు? కాగితం మీద వెతకండి. అర్థం కాకపోతే తెలిసినవారితో చదివించుకోండి. ఆనాడు కోరంగిలో ఓడ ఎక్కినవారికి ఆ వీలు లేదు. ఈనాడు మీకు అక్షరం వచ్చింది.

మణుగూరుకు కొత్త భాష మాట్లాడే మనిషి వస్తే ఒక మాట అడగండి. అన్నా, మీది ఏ ఊరు? ఎట్లా వచ్చావు? అతనికీ చెప్పుకోవడానికి ఒక కథ ఉంటుంది.